మత్రా తలుపు దగ్గర సగం మాట

గడప

ఒమన్‌కు బయలుదేరిన రోజు మా వీధి దాటకుండానే ఒకసారి తిరిగి వచ్చాను. సంచులన్నీ ఆటోలో పెట్టి, కంగారులో "అత్తమ్మా, నేను పోతున్న" అనేశాను. అరుగు మీద బియ్యం చెరుగుతున్న మా అత్తమ్మ చేట పక్కన పెట్టింది.

"ఏమన్నవే?"

"పోయొస్త అన్న."

"అనలే. నాకు చెవులున్నయి. దిగు. లోపలికొచ్చి కూసోని, నీళ్లు తాగి మల్ల పో."

ఆటో అతను హారన్ కొడుతున్నాడు. హైదరాబాదు బస్సు వెళ్లిపోతుందేమోనని నా ప్రాణం కొట్టుకుంటోంది. అయినా దిగాను. చెప్పులు విడిచి, లోపల కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి, గడప దాటుతూ "పోయొస్త" అని విడమరిచి పలికాను. "పోయిరా" అని ఆమె చేట అందుకుంది. బస్సు దొరికింది కానీ జగిత్యాల దాటేవరకు విసుక్కుంటూనే ఉన్నాను. గ్రంథాలయంలో అన్ని పుస్తకాలు చదివినదాన్ని, ఈ పట్టింపులకు తలవంచడమేమిటని.

నేను బడి మానేసింది ఏడో తరగతిలో. కోరుట్లలో జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ శాఖా గ్రంథాలయానికి వెళ్లి కూర్చోవడం పెళ్లికి ముందు నుంచీ ఉన్న అలవాటు. మొదట వారపత్రికలు, తర్వాత నవలలు, తర్వాత వ్యాకరణం, ఆ పైన నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. ఎవరో రిటైరైన డాక్టరుగారు ఇచ్చిన ఇంగ్లీషు కళాపత్రికల కట్ట ఒకటి అక్కడ బీరువా మీద దుమ్ము పట్టి ఉండేది. అది తూకానికి వెళ్లేలోపు నేను చదివేశాను. విన్నీ హార్‌గ్రేవ్ అనే బ్రిటిష్ కళాకారిణి గురించి తెలిసింది అందులోనే.

ఆమె చిన్నప్పుడు, ఇంగ్లండు ఉత్తర తీరంలో ఒక చేపల రేవులో, వాళ్ల నాన్న ఒక ఉదయం "వెళ్తున్నా" అని తలుపు తెరుచుకుని వెళ్లాడు. రొట్టె కొనడానికేమో అనుకున్నారు. తిరిగి రాలేదు. పెద్దయి కళాశాలలో చేరాక ఆమె తన ఇంటి తలుపునే ఊడదీయించి తెచ్చి, హాలు మధ్యలో నిలబెట్టింది. జనం ముందు "వెళ్తున్నా" అని ఒక్క మాట చెప్పి, ఆ తలుపు తెరుచుకుని వెళ్లింది, మళ్లీ రాలేదు. జనం ఎదురుచూసి ఎదురుచూసి, కాపలాదారు దీపాలు ఆర్పాక లేచారట. ఆ తర్వాత ఆమె పనంతా తలుపులతోనే. సముద్రపు ఒడ్డున తలుపు, రైల్వే స్టేషన్‌లో తలుపు. చెక్కలో చిన్న మైకులు దాచి, చెయ్యి తగిలిన చప్పుడు, బందుల కిర్రు, ఊపిరి అన్నీ హాల్లో వినిపించేలా చేసేది. తలుపు దగ్గర చెప్పిన మాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద చూపించేది. చాలా ఏళ్లకు గొంతుకు ఆపరేషన్ జరిగి ఆమెకు మాట పోయింది, గుసగుస మాత్రం మిగిలింది. అప్పటి నుంచి దేశదేశాల్లో, ఇల్లు విడిచి వచ్చిన మనుషుల గొంతులు అరువు తెచ్చుకుంటోంది. నియమం ఒక్కటే. ఎవరి భాషలో వాళ్లు "వెళ్తున్నా" అని చెప్పాలి, తలుపు దాటాలి, తిరిగి రాకూడదు.

ఇదంతా మా ఊళ్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఎవరికీ చెప్పుకునే సందర్భం రాలేదు, మా తమ్ముడు మల్లేశం ఫోన్ చేసేవరకు.

మల్లేశం మస్కట్‌లో ఒక కంపెనీలో ప్లాస్టరింగ్ పని చేస్తాడు. "అక్కా, మేము మత్రాల ఒక పాత ఇల్లు రిపేర్ చేస్తున్నం. ఆడికి ఇంగ్లండు ముసలామె ఒకామె వచ్చింది. తలుపులు వెట్టి మాతోని ఏదో ఆట ఆడిపిస్తదట" అన్నాడు. పేరు అడిగాను. చెప్పాడు. కుట్టు మిషన్ దగ్గర నుంచి లేచి నిలబడ్డాను.

ఆ పాత ఇల్లు ఇప్పుడు గ్యాలరీ. వాళ్లకు తెలుగు, ఇంగ్లీషు తెలిసిన మనిషి కావాలి. మల్లేశం గొప్పగా "మా అక్కకు ఈమె చరిత్రంత ఎరుక" అని చెప్పాడట. వీసా వచ్చింది. అయితే ఆ వారాలు మా ఇంట్లో ఎవరికీ కంటినిండా నిద్ర లేదు. మల్లేశం భార్య స్రవంతికి నెలలు నిండుతున్నాయి. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఆమె జగిత్యాలలో ఆస్పత్రిలో ఉంది, మొగుడు మస్కట్‌లో ఉన్నాడు, నేను ఆమెను వదిలి అటే వెళ్తున్నాను. ఆటోలో నా నోట ఆ మాట జారింది అందుకే కావచ్చు.

సీబ్

విమానాశ్రయంలో అధికారి ఎందుకొచ్చావని అడిగితే, దారంతా బట్టీ పట్టిన ఇంగ్లీషు వాక్యం అప్పజెప్పాను. ఆయన ఓపికగా విని, "భాయీ కే పాస్?" అని హిందీలో అడిగాడు. తలూపాను. ముద్ర వేశాడు. గ్రంథాలయంలో అన్నేళ్లు చదివిన చదువు మొదటి కౌంటర్ దగ్గరే అక్కరకు రాలేదు.

మల్లేశం ఉండేది కంపెనీ రూమ్. అక్కడ ఆడవాళ్లకు చోటు లేదు. మస్కట్ శివారు సీబ్‌లో, గ్యాలరీకి బండి నడిపే బాషా భాయ్ ఇంట్లో నాకు బస. వాళ్లది కడప. ఆయన భార్య ఖతీజా నన్ను చూసి మొదటన్న మాట, "ఏమ్మా, మొగం అట్ల వాడిపోయిండాది? విమానంలో ఏమీ పెట్టలేదా?"

ఖుబ్జ్ అని ఇక్కడ దొరికే పెద్ద పలుచటి రొట్టె, పప్పు, కడప నుంచి తెచ్చుకున్న చింతకాయ పచ్చడి పెట్టింది. రొట్టె చవకేనట. కరివేపాకు చిన్న కట్ట రెండు వందల బైసలట. వెయ్యి బైసలు ఒక రియాల్, రియాల్ అంటే రెండు వందల రూపాయల పైమాటే. కరివేపాకుకు నలభై రూపాయలా అని నేను తినడం ఆపాను.

"ఇట్ల రూపాయల్లో లెక్క కట్టుకుంటా తింటే ఇక్కడ అన్నం అరగదుమ్మా. తిను" అంది ఖతీజా.

నా భయం ఆమెకు చెప్పాను. నేను ఇంగ్లీషు చదివాను కానీ ఇంగ్లండు మనిషి నోట ఎప్పుడూ వినలేదు. పైగా ఆవిడ మాట్లాడేది గుసగుసగా.

"అర్థం కాకపోతే ఏం చేస్తావు?"

"రాసియ్యమంట."

"మా ఆయన ఇరవై ఏండ్లుగా అరబ్బులకు బండి తోల్తాండాడు. అర్థం కానప్పుడల్లా ఇన్షా అల్లా అంటాడు. నువ్వూ అను."

నవ్వాను. కానీ ఆ సాయంత్రమంతా నా చెయ్యి ఫోన్ దగ్గరే ఉంది. జగిత్యాల నుంచి కబురు ఏమీ లేదు. కబురు లేకపోవడం మంచిదో చెడ్డదో తెలియలేదు.

మత్రా

ఒక పక్క సముద్రం, ఇంకో పక్క కోసుగా లేచిన నల్లటి కొండలు, మధ్యలో ఇరుక్కున్న తెల్లటి ఇళ్లు. మత్రా అంతే. బజారులో సాంబ్రాణి వాసన. దుకాణాల వాళ్లలో సగం మంది మనదేశం వాళ్లే. మనిషి నడక చూసి భాష పట్టేస్తారు. ఒకాయన నన్ను చూసి "రండమ్మా, చీరలున్నయి" అన్నాడు, ఆయన గుజరాతీ అని తర్వాత తెలిసింది.

బజారు వెనక సందులో ఆ పాత వర్తకుడి ఇల్లు. తమ్ముడు సున్నం పూసిన గోడలను చేత్తో తడిమి చూశాను. ఇంటి సంరక్షకుడు సయీద్ అనే ఒమానీ పెద్దమనిషి ఖర్జూరాలు పెట్టి, పిడికిట్లో దాగే చిన్న కప్పులో కహ్వా, ఏలకులు వేసిన అరబ్బు కాఫీ, పోశాడు. తాగాను. మళ్లీ పోశాడు. వదిలేస్తే మర్యాద కాదని అదీ తాగాను. మళ్లీ పోశాడు. చివరికి మల్లేశం వచ్చి, "అక్కా, కప్పు ఊపు. ఊపకపోతె పొద్దుమీకేదాక పోస్తడు" అన్నాడు. మనం విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం, వీళ్లు ఖాళీ కప్పును అటూ ఇటూ కదుపుతారు.

విన్నీ మేడమ్ పొడుగ్గా, సన్నగా, కత్తిరించిన తెల్లజుట్టుతో ఉంది. మెడకు రుమాలు. ఎన్నాళ్ల నుంచో సిద్ధం చేసుకున్న వాక్యం చెప్పాను. మీ కృషి మొత్తాన్ని చదివాను అని. కృషి మొత్తం అనడానికి పత్రికలో ఒక ఫ్రెంచి మాట వాడారు. దాన్ని నేను అక్షరాలా "ఓయువ్రె" అన్నాను. ఆవిడ చెవి దగ్గరికి తెచ్చింది. మళ్లీ అన్నాను. మూడోసారికి ఫోన్‌లో టైపు చేసి చూపించాను. చప్పుడు లేకుండా నవ్వి, "ఉవ్ర" అని గుసగుసగా చెప్పింది. అన్నేళ్లుగా ఆ మాట నా తలలో తప్పు గొంతుతో బతికింది.

కానీ ఆ మొదటి తలుపు సంగతి, కాపలాదారు దీపాలు ఆర్పిన సంగతి చెప్పేసరికి ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇది నీకెక్కడ తెలిసిందని అడిగింది. కోరుట్ల శాఖా గ్రంథాలయంలో అన్నాను. ఊరి పేరు అక్షరం అక్షరం చెప్పించుకుంది. ఆ ఒక్క నిమిషం నాకు ఏ భయమూ లేదు.

ఇదే తన చివరి తలుపు అని చెప్పింది. ఒంట్లో ఓపిక లేదట. ఇన్ని దేశాల్లో తీసిన వీడియోలన్నీ ఒకచోట చేర్చి చూపించబోతున్నారు. మస్కట్‌ది చేరితే ఆ పని పూర్తవుతుంది.

హాలు చివర ఇత్తడి బొడిపెల పాత ఒమానీ తలుపు. దాని వెనక పెరడు. మల్లేశం, గంగారాం, వాళ్ల రూమ్ వాళ్లు ఇంకొందరు వరుసగా నిలబడ్డారు. మేడమ్ చెప్పింది నేను చెప్పాను. "ఇంట్లకెల్లి గల్ఫుకు బైలెల్లిన నాడు ఏమన్నరో, ఆ మాటనే అని తలుపు దాటుండ్రి."

ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వెళ్లి "పోయొస్త" అన్నారు, దాటారు. అందరూ దాటిన తర్వాత, అందరూ తలుపు తెరుచుకుని మళ్లీ లోపలికి వచ్చారు. మేడమ్ రెండు చేతులూ ఊపింది.

"ఎందుకొచ్చిన్రు?" అన్నాను.

"పోయొస్త అన్నంగదనే" అన్నాడు గంగారాం. నిజామాబాద్ జిల్లా మనిషి, నవ్వకుండా నవ్విస్తాడు. "గదీగాక మా అన్నం డబ్బాలు ఈడనే ఉన్నయి. మేడమ్‌కు చెప్పు."

ఆ మాటకు అర్థమేమిటని మేడమ్ అడిగింది. "వెళ్తున్నాను" అని చెప్పాను. ఏ నిఘంటువులో చూసినా అదే ఉంటుంది. అందులో తప్పు నాకు కనిపించలేదు.

మర్నాడు ఆవిడే పట్టుకుంది. మాట పోయిన మనిషికి చెవులు పదునెక్కుతాయేమో. గంగారాం ఎవరో పిలిస్తే ఫోన్‌లో "వస్తున్న, వస్తున్న" అని అరుస్తూ పరుగెత్తాడు. మేడమ్ నా వైపు తిరిగింది. వెళ్లేటప్పుడు చెప్పే మాటలోనూ ఈ చప్పుడే ఉంది, ఎందుకు అని అడిగింది.

దాచలేకపోయాను. విడదీసి చెప్పాను. 'పోయి' అంటే వెళ్లి, 'వస్త' అంటే వస్తాను.

ఆవిడ తలుపు వైపు తిరిగింది. "మా నాన్న వస్తానని చెప్పలేదు. ఇన్నేళ్లలో ఈ తలుపు దగ్గర ఎవరూ చెప్పలేదు. ఆ రెండో మాట తీసెయ్యాలి" అంది. కోపంగా అనలేదు. అలసటగా అంది.

"అంటె పోతున్న అనాల్నా?" అన్నాడు గంగారాం. "ఆ మాట ఇనవడితె మా అవ్వ ఫోన్‌లకెల్లే చెప్పు ఇసురుతది. మా దిక్కు పోయిండు అంటె పోయిండే ఇగ."

"ఒక్క మాటే కదా, మాటకేముంది" అన్నాడు గ్యాలరీ మేనేజరు. మిగతావాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, సరే అన్నట్టు తలలూపారు. మల్లేశం ఊపలేదు. ఎవరికీ చెప్పకుండా అన్నం డబ్బా తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.

అజైబా

మల్లేశాన్ని వెతుక్కుంటూ అజైబాకు వెళ్లాను. అక్కడ వాళ్ల కంపెనీకి ఇంకో సైట్ ఉంది, కొత్త ఆఫీసు భవనం. దుమ్ము కొట్టుకున్న బనీనుతో దిగి వచ్చాడు. ఎదుటి హోటల్లో కరక్ అనే చిక్కటి టీ, కప్పు వంద బైసలు. బాషా భాయ్ బండిలోనే కూర్చున్నాడు.

"సూపర్‌వైజర్ ఏమన్నడో ఎరికేనా?" అన్నాడు మల్లేశం. "గ్యాలరీ ఆట మంచిగ అయితె లీవ్ సంతకం పెడ్త అన్నడు. బిడ్డ పుట్టినంక ఇరువై ఒక్కటో దినానికి ఇంటికాడ ఉండొచ్చు. నేను రాను అంటె లీవ్ లేదు."

"మరి అనేసెయ్యరాదుర. ఒక్క మాట."

"ఆ మాట ఒద్దక్క."

నేను చదివినవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. మాటకు బలం లేదని, చప్పుడు గాలిలో కలిసిపోతుందని, స్రవంతి ఆరోగ్యం డాక్టర్ల చేతిలో ఉంది కానీ మత్రాలో తలుపు చేతిలో లేదని. వాడు టీ ఊదుకుంటూ అంతా విన్నాడు.

"సరె. నువ్వను."

"ఏమని?"

"స్రవంతి పేరు తల్సుకోని, నాకెల్లి చూసి, పోతున్న అను. ఈడ ఎవలు లేరు. నువ్వంటె నేనంట."

నోరు తెరిచాను. ఎదురుగా వాడి కళ్లు. వాటి వెనక ఆస్పత్రి మంచం మీద స్రవంతి. అత్తమ్మ పక్కన పెట్టిన చేట గుర్తొచ్చింది. నోరు మూసుకుని టీ కప్పు అందుకున్నాను.

"చూసినవా" అన్నాడు. ఎత్తిపొడుపుగా కాదు, జాలిగా. "రేపటికల్లా ఏదన్న జెయ్యి అక్క. నువ్వే గద మేడమ్‌కు తెలుగు చెప్పేది."

అబాయా అంచు

ప్రదర్శన మర్నాడు సాయంత్రం. సీబ్‌కు వచ్చి కూర్చుంటే చేతులు ఊరికే ఉండలేదు. ఖతీజా బయటికి వెళ్తూ పైన తొడుక్కునే నల్ల అబాయా అంచు ఊడి ఉంటే సూదీ దారం అడిగి, ముందు కచ్చా కుట్టు వేస్తున్నాను. సగంలో ఫోన్ మోగింది. స్రవంతి తల్లి. నొప్పులు మొదలై ఆగిపోయాయట, రేపు ఆపరేషన్ చేస్తామంటున్నారట.

ఫోన్ పెట్టేసి వచ్చేసరికి ఖతీజా కూతురు ఆ అబాయా తీసి మడత పెట్టబోతోంది.

"ఒసే, అది ముట్టుకోవద్దు" అంది ఖతీజా. "సూది గుచ్చే ఉండాది చూడలా? పిన్ని మళ్లా వస్తాది."

బట్టలో నిలబడ్డ సూది వైపు చూస్తూ ఉండిపోయాను. దారం వేలాడుతోంది. కుట్టు ఆగిపోయిందని ఎవరూ అనుకోరు, చెయ్యి ఇంకా ఉందనే అనుకుంటారు. వ్యాకరణంలో ఇలా సగంలో ఆగే మాటకు ఒక పేరుంది. అసమాపక క్రియ. గ్రంథాలయంలో చదివి, ఎందుకూ పనికిరాదనుకుని పక్కన పెట్టిన పాఠం.

పొద్దున్నే మత్రాకు పరుగెత్తాను. మేడమ్ ఇంకా టీ తాగుతోంది. రాత్రంతా మనసులో దిద్దుకున్న ఇంగ్లీషులో చెప్పాను. "మీరు రెండో మాట తీసెయ్యమన్నారు. తీసేద్దాం. 'పోతున్న' వద్దు. 'పోయి' అని మాత్రం అంటారు. అది వాక్యం కాదు. మా భాషలో ఎవరైనా అక్కడ ఆగితే, విన్నవాళ్లు తర్వాతి మాట కోసం చూస్తారు."

"ఎంతసేపు చూస్తారు?"

"క్రియ వచ్చేదాకా."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "పోయి" అని తనలో తాను అనుకుంది. గుసగుసలో ఆ మాట బాగానే పలికింది. తర్వాత లేచి, తెర మీద వచ్చే ఇంగ్లీషు వాక్యాన్ని మార్చడానికి మనిషిని పిలిచింది. మల్లేశానికి ఫోన్ చేసి చెప్పాను. "పోయి వరకైతె అంట" అన్నాడు.

మగ్రిబ్ తర్వాత

పొద్దుగూకాక చేసే ప్రార్థన అయ్యాక జనం వచ్చారు. ముందు వరుసల్లో దొరలు, దొరసానులు, కాళ్లదాకా వేలాడే తెల్లటి దిష్‌దాషాల్లో ఒమానీలు. వెనక బల్లల మీద మన కంపెనీ మనుషులు, ఇస్త్రీ చొక్కాల్లో, ఎటు చూడాలో తెలియక. ఖతీజా నా పక్కన కూర్చుంది. ఆడేవాళ్ల దగ్గర ఫోన్లు ఉండకూడదని మల్లేశం తన ఫోన్ నా చేతికిచ్చాడు. జగిత్యాలలో స్రవంతిని అప్పటికే లోపలికి తీసుకెళ్లారు.

ముందు గంగారాం. తలుపు దగ్గర నిలబడి జనాన్ని ఒకసారి చూసి, "పోయి" అన్నాడు. దాటాడు. తలుపు మూసుకుంది. తెర మీద 'వెళ్లి' అనే అర్థం వచ్చే రెండు ఇంగ్లీషు మాటలు, వాటి పక్కన చుక్క లేదు.

అప్పుడు గోడల్లోంచి, ఎవరో చెవిలో చెప్పినట్టు, చిన్న గొంతు వినిపించింది.

"వస్త."

తలుపు చెక్కలో మైకులు ఉంటాయని నాకు తెలుసు. అన్నేళ్ల క్రితమే చదివాను. మా ఊళ్లో అది తెలిసిన ఒకే ఒక్క మనిషిని. ఆ సంగతి వీళ్లకు చెప్పడం మరిచిపోయాను. గంగారాం అవతలికి వెళ్లాక, ఎవరూ వినడం లేదనుకుని, మిగిలిన సగం పూర్తి చేశాడు.

వెనక బల్లల్లో ఎవరో కిసుక్కుమన్నారు. మూలన సౌండ్ చూసుకునే ఆవిడ, గుండ్రటి మీట మీద వేలు పెట్టి, తగ్గించనా అన్నట్టు మేడమ్ వైపు చూసింది. నేనూ చూశాను. ఆవిడ చివరి తలుపు. రెండో మాట వద్దని ఆవిడ చెప్పింది. లీవ్ సంతకం, గ్యాలరీ, నా పేరు, అన్నీ ఆ వేలి కింద ఉన్నాయి.

మేడమ్ కళ్లు మూసుకుని ఉంది. ఒడిలోని చెయ్యి కొంచెం పైకి లేపింది. సౌండ్ ఆవిడ మీటను తగ్గించలేదు. పెంచింది.

రెండో మనిషి "పోయి" అన్నాడు. తలుపు మూసుకున్నాక "వస్తనే" అని వినిపించింది, ఎవరికో తెలిసిన మనిషికి చెప్పినట్టు. మూడో మనిషి "వస్త బిడ్డా" అన్నాడు. ఇంకొకరు గొంతు సవరించుకుని "వస్త" అన్నాడు. ఈసారి వెనక బల్లల్లో ఎవరూ నవ్వలేదు. ముందు వరుసల వాళ్లకు మాట అర్థం కాలేదు కానీ, ప్రతిసారీ తలుపు మూయగానే మెడలు కొంచెం ముందుకు చాస్తున్నారు.

చివర మల్లేశం. తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. నా ఒడిలో వాడి ఫోన్ వణకడం మొదలైంది. స్రవంతి తల్లి పేరు. ఎత్తడానికి లేదు, ఆపడానికి చెయ్యి రాలేదు. రెండు అరచేతుల మధ్య గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

"పోయి" అన్నాడు మల్లేశం.

తలుపు మూసుకుంది. నేను ఎదురుచూశాను. ఏమీ వినిపించలేదు. చేతుల్లో ఫోన్ వణికి వణికి ఆగిపోయింది. ఖతీజా నా మోచెయ్యి పట్టుకుంది. ఊపిరి చప్పుడు వినిపించింది, చెక్కకు నుదురు ఆనించినట్టు చిన్న చప్పుడు. ఆ తర్వాత గొంతు.

"వస్త స్రవంతీ. భయపడకు. వస్త."

తర్వాత హాల్లో ఎవరూ లేవలేదు, మేడమ్ పనిలో ముగింపు గంట ఉండదు. నేను మాత్రం లేచాను. వరుసల మధ్యలోంచి, మర్యాద మరిచి, ఆ తలుపే తెరుచుకుని పెరట్లోకి వెళ్లాను. మల్లేశం గోడకు ఆనుకుని ఉన్నాడు. ఫోన్ చూపించాను. నేనే నంబరు కలిపాను.

"ఆడివిల్ల" అంది అవతలి నుంచి స్రవంతి తల్లి. "సన్నగున్నది. అద్దాల పెట్టెల పెట్టిన్రు. స్రవంతికి ఇప్పుడిప్పుడే మెలకువ అస్తున్నది."

"ఏడ్సిందా?" అన్నాడు మల్లేశం.

"ఎవలు?"

"పిల్ల."

"ఏడ్సింది బిడ్డా. ఆస్పత్రంత ఇనవడ్డది."

గంగారాం మల్లేశం వీపు మీద చెయ్యి వేసి, "నడువు, అన్నం డబ్బాలు లోపలున్నయి" అన్నాడు. తలుపు తెరిచే ఉందని, ఆ మాటలన్నీ హాల్లో వినిపించాయని ఖతీజా తర్వాత చెప్పింది.

తిరుగు దారి

లీవ్ సంతకం అయింది. పిల్ల కొన్నాళ్లు అద్దాల పెట్టెలోనే ఉంది, నేను తిరిగి వచ్చేవరకు నా చెయ్యి ఫోన్ మీదే ఉంది. మత్రా బజారులో కుంకుమపువ్వు వేసిన ఒమానీ హల్వా కొన్నాను. ఆవునెయ్యి, గులాబీ నీళ్లు, చెంచా జారనివ్వని పాకం. ధర రూపాయల్లోకి మార్చలేదు, ఖతీజా మాట విన్నాను.

చివరి ఉదయం గ్యాలరీకి వెళ్తే మేడమ్ తలుపు ముందు ఒక్కతే కూర్చుని ఉంది. చివరి మనిషి అవతల ఏమన్నాడని అడిగింది. మాట మాటగా చెప్పాను. నేను చెవి దగ్గరగా పెడితే తప్ప వినిపించనంత చిన్నగా అంది.

"తలుపు అవతల మా నాన్న ఏమన్నాడో ఎప్పుడూ అనుకోలేదు. అప్పుడు మైకు లేదు."

సయీద్ కహ్వా పోశాడు. ఇద్దరం ఒక్కో కప్పు తాగి, కప్పులు ఊపి ఇచ్చేశాం.

ఆవిడ విమానం నా కంటే ముందు. బాషా భాయ్ సంచులు బండిలో పెట్టాడు. సయీద్ గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఫీ అమానిల్లా" అన్నాడు, దేవుడి కాపుదలలో ఉండమని. మేడమ్ గుమ్మం దగ్గరికి వెళ్లి, మెడ రుమాలు సర్దుకుని, నా వైపు తిరిగింది.

"పోయి" అంది.

అక్కడే ఆగింది. గడప మీద ఒక కాలు, నా ముఖం మీద చూపు. బండి ఇంజను నడుస్తోంది, బాషా భాయ్ గడియారం చూసుకుంటున్నాడు. ఆవిడ కదలడం లేదు. దేనికోసం నిలబడిందో నాకు అర్థమవడానికి కొంచెం సమయం పట్టింది.

"రండి" అన్నాను.

అప్పుడు ఆవిడ గడప దాటింది.